మొదటి టైని మేకుకు తగిలించి చూడు

ఒరేయ్ అల్లుడూ,

మొన్న శనివారం రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ "భోంచేశావా అన్నయ్యా" అని మొదలుపెట్టే మనిషి, "వాడు ఉద్యోగం మానేసి టైలు కుట్టిస్తాడట" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నాకూ కాసేపు నోట మాట రాలేదు. గచ్చిబౌలిలో ఏసీలో కూర్చుని నెలనెలా అంత జీతం తెచ్చుకునే నా మేనల్లుడికి పోచంపల్లి ఇక్కత్‌తో టైలు చేయాలని బుద్ధి పుట్టిందంటే, ముప్పై ఏళ్ళు టైలు కుట్టి బతికినవాణ్ణి, నాకెలా ఉంటుందో చెప్పు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యలో "సరే మామయ్యా" అంటావు, నేను అక్కడే ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోకుండా రాజీనామా ఇవ్వకు. జీఎస్టీ లెక్కలు తెలిసినవాళ్ళ చేతిలో పెట్టు. మగ్గం వాళ్ళతో ధర మాట్లాడాక మళ్ళీ బేరం ఆడకు. ఇక ఇవి నీకు నేను చెప్పాల్సినవి కావు.

నేను అడగాల్సింది ఒకటే. ఇవాళ టై ఎవరు కట్టుకుంటున్నార్రా?

నేను ఆబిడ్స్‌లో ఆ పదడుగుల కొట్టు తెరిచింది 1979లో. బ్యాంకు ఆఫీసర్లు, మెడికల్ రెప్‌లు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు, రిసెప్షన్‌కి సూటు కుట్టించుకునే పెళ్ళికొడుకులు, వీళ్ళే నా గిరాకీ. మెడికల్ రెప్‌లు మే నెల ఎండలో బ్యాగు పట్టుకుని కోఠీలో డాక్టర్ల గుమ్మాల ముందు గంటలు గంటలు నిలబడి, సాయంత్రం నా కొట్టుకొచ్చి ముడి వదులు చేసుకుని మంచినీళ్ళు అడిగేవాళ్ళు. కాలర్ కింద మెడ చుట్టూ ఎర్రగా కమిలి ఉండేది. ఇంటర్వ్యూలకి వెళ్ళే కుర్రాళ్ళలో చాలామందికి ముడి వేయడం వచ్చేది కాదు. నేనే నా మెడకు వేసుకుని, వదులు చేసి, వాళ్ళ తల మీంచి తొడిగేవాణ్ణి. వాళ్ళు ఆ ముడి విప్పేవాళ్ళు కాదు. తలుపు వెనక మేకుకు తగిలించి, మళ్ళీ ఇంటర్వ్యూ వస్తే తల మీంచే వేసుకునేవాళ్ళు. నాలుగేళ్ళ తర్వాత ఒకతను అదే టైతో వచ్చాడు. ముడి నల్లబడి రాయిలా ఉంది. చూడగానే తెలిసింది, నా చేతి ముడే.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో నా దగ్గర టై కొన్నవాళ్ళలో ఇష్టపడి కొన్నవాళ్ళు తక్కువ. పై ఆఫీసరు కట్టుకోమన్నాడు కాబట్టి కొన్నారు. మరి ఆ పై ఆఫీసరే టై విప్పేస్తే? 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరిచాక ఒకటి రెండేళ్ళు నాకు గిరాకీ పెరిగింది. అమీర్‌పేటలో కోర్సులు చేసే పిల్లలు ఇంటర్వ్యూ కోసం వచ్చేవాళ్ళు. ఉద్యోగం వచ్చినవాడు మాత్రం మళ్ళీ రాలేదు. మెడలో టై ఉండే చోట కంపెనీ ట్యాగు వేలాడింది. నా కొట్టులోనే కాదు, లోకమంతా అలాగే అయింది. జపాన్ లాంటి దేశంలో 2005లో ప్రభుత్వమే పూనుకుని, ఎండాకాలం ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టండి, టైలు తీసేయండి అంది. అమెరికాలో రోజూ టై కట్టుకుని పనికెళ్ళే మగవాళ్ళు 2002లో నూటికి 10 మంది ఉంటే, 2007 నాటికి ఆరుగురే అని గ్యాలప్ సర్వే తేల్చింది. ఆ మరుసటి ఏడాదే, 2008లో, అక్కడ టైలు తయారుచేసేవాళ్ళ సంఘం మూతపడింది. అరవై ఏళ్ళ నుంచి ఉన్న సంఘం అది. ఆ వార్త పేపర్లో చదివి, కత్తిరించి, కొట్టులో క్యాష్ పెట్టె మూతకు లోపలివైపు అంటించాను. మూడేళ్ళకు నేనూ షట్టరు దించేశాను.

మన పిల్లలకు టై అంటే పడకపోవడానికి నాకు తెలిసిన కారణం ఇంకొకటి ఉంది. ఎల్‌కేజీలోనే ఎలాస్టిక్ టై మెడకు తగిలిస్తాం. అన్నం మెతుకులు, చీమిడి, నమిలి నమిలి పీచుతేలిన అంచు. అది లేకపోతే ప్రేయర్‌లో బయట నిలబెట్టడం. నువ్వూ నీది ఆటోలో పారేసుకుని ఏడుస్తూ వచ్చావు, గుర్తుందా? ఆ రాత్రి నేనే కొత్తది కుట్టాను. పదేళ్ళు అలా పెరిగిన పిల్లాడు స్కూలు వదిలిన రోజున ముందు వదిలేది దాన్నే. నీ గిరాకీ ఆ పిల్లలే, పెద్దవాళ్ళయ్యారు. "తెల్లవాడు వేసిన ఉరితాడు" అనేవాళ్ళూ ఎదురవుతారు. న్యూజిలాండ్‌లో 2021లో అక్కడి మూలవాసులైన మావోరి ఎంపీ ఒకాయన అదే మాట అని టై లేకుండా సభకొచ్చాడు. ముందు బయటికి పంపారు, తర్వాత ఆ నియమమే తీసేశారు. ఆ మాట అన్నవాళ్ళతో వాదించకు, వాళ్ళ బాధ వాళ్ళది. అయితే ఒకటి చూడు. బలవంతాన కట్టుకునేవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలేది ఇష్టంతో కట్టుకునేవాళ్ళే. వాళ్ళు కొద్దిమంది. కానీ వాళ్ళు గుడ్డ వెనక్కి తిప్పి చూస్తారు, కుట్టు చూస్తారు. నా కాలంలో ఎవరూ చూడలేదు. నాకు నీ మీద ఆశ ఉన్నది అందుకే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

1987 జనవరిలో ఒక కొత్త హోటల్ వాళ్ళు స్టాఫ్ కోసం 150 టైలు ఆర్డరిచ్చారు. అంత పెద్ద ఆర్డరు నేనెప్పుడూ చూడలేదు. ముదురు ఎరుపు సాటిన్. టైని క్రాస్‌గా, 45 డిగ్రీల వాలుతో కోయాలి. క్రాస్‌లో కోసిన గుడ్డే లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ముడి వేసి విప్పాక ముడతలు పోయేది అందువల్లే. 1920ల్లో న్యూయార్క్‌లో లాంగ్స్‌డార్ఫ్ అనే టైల తయారీదారు గుడ్డను అలా కోసి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. ఈనాటికీ మంచి టై అలాగే కుడతారు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసీ తప్పు చేశాను. క్రాస్‌గా కోస్తే మూలల్లో బోలెడు గుడ్డ పోతుంది. నిలువుగా కోస్తే మూడో వంతు మిగిలేలా కనిపించింది. సాటిన్ మెరుపులో ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, నిలువుగా కోశాను.

మొదటి ఐదు టైలు మీ అమ్మ కుట్టింది. అప్పుడు తను డిగ్రీ రెండో ఏడు. చిక్కడపల్లిలో అద్దెకున్నాం, రెండు గదులు. వంటింటి తలుపు వెనక మేకు ఉండేది. సన్నని కొస పట్టి ఒక టైని ఆ మేకుకు తగిలించాను. మంచి టై అయితే నిటారుగా వేలాడుతుంది. అది తిరిగింది. మెల్లగా, సగం చుట్టు తిరిగి, వెనక కుట్టు నాకు చూపించి ఆగింది. గాలికి తిరిగిందేమోనని ఫ్యాను ఆపాను. రెండోది తగిలించాను. అదీ తిరిగింది. మీ అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చూస్తోంది. "అన్నయ్యా, ఇది మళ్ళీ కోద్దాం" అంది. "నీకేం తెలుసు, కుట్టు" అన్నాను. ఇరవై ఏళ్ళు నిండని పిల్లను అన్నాను ఆ మాట.

అన్నీ కుట్టించి, ఇస్త్రీతో గట్టిగా అణిచి, పెట్టెల్లో పలుచని కాగితం వేసి పంపాను. మార్చిలో గోనెసంచిలో తిరిగొచ్చాయి. వారం కట్టుకునేసరికి ఒక్కొక్కటీ మెలితిరిగిపోయింది. పది రోజుల్లో కొత్తవి ఇవ్వకపోతే అడ్వాన్సు వడ్డీతో కట్టమన్నారు. గుడ్డ మళ్ళీ అప్పుకి తెచ్చాను. లోపల వేసే ఉన్ని కాన్వాసు మాత్రం కొనలేకపోయాను. పాతవాటిలోంచే తీయాలి. 150 టైలు విప్పింది మీ అమ్మే. బ్లేడుతో ఒక్కొక్క దారం తెంపి, కాన్వాసు చిరగకుండా లాగి, తడిగుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి, మళ్ళీ కుట్టింది. టై వెనక కుట్టు మిషన్ మీద వేసేది కాదు, ఒకటే పొడుగు దారంతో, కొస దగ్గర కొంచెం వదులు ఉంచి, చేత్తో వేయాలి. టై లాగినప్పుడల్లా ఆ దారం లోపల జారి సర్దుకుంటుంది. ఒక్కోదానికి అరగంట. కుడిచేతి మధ్యవేలికి సూది గుచ్చుకుని గుచ్చుకుని పొక్కింది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తానా తెచ్చిచ్చాను, వేలికి పెద్దదైంది. దాని లోపల గుడ్డముక్క చుట్టి పెట్టుకుంది.

పదో రోజున టైలు ఇచ్చి వచ్చాను. ఆ పొద్దున్నే తనకు స్టాటిస్టిక్స్ పరీక్ష. రాత్రంతా కూర్చుని కుట్టి వెళ్ళింది. హాల్లో పేపరు మీద తల పెట్టి నిద్రపోయిందట. ఇంటికొచ్చి ఏడవలేదు. "ఇచ్చేశావా అన్నయ్యా?" అని అడిగింది. జూన్‌లో మీ నాన్నగారి సంబంధం కుదిరింది. ఆ పేపరు మళ్ళీ రాయలేదు. నేను రాయించలేదు.

నిలువుగా కోయడం చిన్న తప్పేరా. చేతిపని చేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు చేస్తాడు. మేకు మీద అది తిరగడం కళ్ళతో చూశాక కూడా నోరు మూసుకోవడం ఉంది చూశావూ, ఆ ఐదింటి దగ్గరే ఆగి హోటల్ వాళ్ళకు చెప్పి ఉంటే పది రోజులు ఆలస్యమయ్యేది, అంతే. నాకు ఇప్పటికీ తట్టుకోలేనిది అదే.

నీ ఇక్కత్ సంగతికి వస్తాను. సిల్కు తీసుకో, మందపాటి నూలుతో ముడి గడ్డలా వస్తుంది. మగ్గం మీదికి ఎక్కకముందే నేతగాళ్ళ దగ్గర కూర్చుని, ఈ గుడ్డ క్రాస్‌గా కోస్తామని చెప్పు. వాళ్ళు పోగుకు కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, అంత లెక్కగా తెచ్చిన చతురం నీ కత్తెర కింద వాలిపోయి డైమండ్ అవుతుంది. డైమండ్ చతురమవుతుంది. ఏనుగో చిలకో ఉంటే పక్కకి ఒరిగి పడిపోయినట్టుంటుంది. చిన్న చిన్న డిజైన్లు అడుగు. పుట్టపాక తేలియా రుమాళ్ళు ఒకసారి వెళ్ళి చూసిరా. మన మగవాళ్ళు తలకు చుట్టుకుని, భుజాన వేసుకున్న గుడ్డ అది. ఎరుపు, నలుపు, తెలుపుల్లో టై ఎంత బాగుంటుందో నాకు కళ్ళముందు కనిపిస్తోంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతోందేమో చూడు. అచ్చేసిన గుడ్డను ఇక్కత్ అని అంటగట్టేవాళ్ళుంటారు, తిప్పి వెనకవైపు చూడు, అసలుదైతే రెండువైపులా ఒకేలా ఉంటుంది. క్రాస్ కోతలో మిగిలే మూలముక్కలు పారేయకు, బో టైలకు, జేబు రుమాళ్ళకు పనికొస్తాయి. ఒక మనిషి వారాలు కూర్చుని నేసిన గుడ్డ అది.

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, ఫోన్ పెట్టేసే ముందు. "నేనే కుడతానన్నా, నా చేతికుట్టు మర్చిపోలేదు" అని. ఎంత సంబరంగా చెప్పిందో. నా గుండె జారిపోయింది. నాకు నిద్ర పట్టనిది నీ ఉద్యోగం గురించి కాదురా. పోచంపల్లి చీరకు ఆసు, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ పోగు తిప్పే పని, పోసీ పోసీ తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక కొడుకు అలా చూశాడు తల్లి చేతుల్ని. నేను అన్నను అయ్యుండి చెల్లెలి చేతుల్ని చూడలేదు. పోయినేడు రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకుంది. నువ్వు ఆర్డరు ఒప్పుకుని, తేదీ దగ్గరపడి, "అమ్మా, ఈ ఒక్క రాత్రి" అంటావేమోనని నా భయం. ఆమె కాదనదు. ఎప్పుడూ కాదనలేదు.

కుట్టు వచ్చినవాళ్ళను ఇద్దరిని నెలజీతానికి పెట్టుకో. ముక్కకి ఇంతని పెట్టకు, చేయి తొందరపడుతుంది. వాళ్ళకు నేర్పేది మీ అమ్మను చేయి. తనకు కుట్టాలనే ఉంటే పగటి వెలుతురులో రోజుకు రెండు, అంతకుమించి సూది ముట్టనీయకు. మొదటి ఏడాది 20 టైలకు మించి ఎవరికీ ఒకేసారి ఒప్పుకోకు.

వచ్చే ఆదివారం రా. మొదటి గుడ్డ, నువ్వు కోయించిన మొదటి ఐదూ తీసుకురా. నా కత్తెర పదును పెట్టించి ఉంచాను. ఈ ఇంట్లో కూడా వంటింటి తలుపు వెనక మేకు కొట్టుకున్నాను, ఎందుకో నీకు ఇప్పుడు తెలుసు. అంగుస్తానా బీరువాలో ఉంది, లోపల చుట్టిన గుడ్డముక్క కూడా అలాగే ఉంది. అది నీకిస్తాను. మీ అమ్మను కూడా తీసుకురా. వంకాయ కూర మీ అత్త చేస్తుంది, తనను ఊరికే కూర్చోమను.

మీ మామయ్య