క్షమించానన్నాక కూడా గుండె దడ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 48. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా అత్తగారు మంచాన పడితే మూడేళ్లు నేనే చేశాను. ఆమె జ్ఞాపకార్థ కూటంలో మా తోడికోడలు అందరి ముందూ ‘చివర్లో గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేకపోయింది’ అంది. ఆరు నెలలైంది. పాస్టర్ గారు క్షమించమన్నారు, ప్రార్థనలో క్షమించాను కూడా. కానీ ప్రభువు బల్ల దగ్గర ఆమె కనిపిస్తే చెయ్యి వణుకుతోంది. అర్ధరాత్రి మెలకువ, గుండె దడ. బీపీ 150/96 ఉందన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన నిద్రమాత్ర రోజూ వేసుకుంటున్నాను. నేను నిజంగా క్షమించలేదా?

జవాబు: క్షమించారమ్మా. ఒళ్లే ఇంకా మరచిపోలేదు. ఆమె ముఖం చూడగానే ఆ మాట ఇప్పుడే పడ్డట్టు మెదడు అడ్రినలిన్ వదిలిస్తుంది. దాంతో గుండె వేగం, బీపీ పెరుగుతాయి, చెయ్యి వణుకుతుంది. దీన్ని అవిశ్వాసం కింద జమకట్టకండి. బైబిల్లో యోసేపు, తనను బానిసగా అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చి ఎదుట నిలబడితే వెంటనే కౌగిలించుకున్నాడా? పక్కకు పోయి ఏడ్చాడు. వాళ్లు మారారో లేదో చూసుకున్నాకే తానెవరో చెప్పాడు. క్షమించడం మీ ఒక్కరి పని. మళ్లీ కలిసిపోవడానికి ఆమె కూడా రావాలి.

మన వైపు ఒక అలవాటుంది. మాట పడ్డవాళ్లు ముందు అక్కకు ఫోన్ చేస్తారు, తర్వాత స్త్రీల కూడికలో ప్రార్థన మనవిగా చెబుతారు, ఆపైన పాస్టర్ గారికి. అన్న మనిషికి మాత్రం చెప్పరు! మత్తయి 18లో వరస వేరు: ముందు మీరిద్దరే ఉన్నప్పుడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. వైద్యుడిగా నాకూ ఆ వరసే నచ్చుతుంది. పదిమందికి పదిసార్లు చెబితే పదిసార్లూ ఆ దడ కొత్తగా మొదలవుతుంది.

వెళ్లినప్పుడు ‘నిన్ను క్షమించాను’ అని మొదలుపెట్టకండి, తప్పేం చేశానని ఎదురు తిరుగుతుంది. ‘ఆ రోజు నలుగురిలో ఆ మాట అన్నావు, నాకు చాలా కష్టమేసింది’ అనండి, చాలు. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. అందరితో సమాధానంగా ఉండమన్నచోట కూడా రోమా పత్రికలో ‘శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు’ అనే కదా ఉంది. పండక్కి పలకరింపు వరకే పెట్టుకున్నా పాపమేమీ కాదు.

అలాగని అన్నీ తోడికోడలి పద్దులో రాయకండి. మీ వయసులో నెలసరి ఆగే ముందు కూడా దడ, రాత్రి చెమటలు, నిద్రలేమి వస్తాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, ఈసీజీ చేయించుకోండి. బీపీ ఒక్కసారి చూసి తేల్చేది కాదు. వారం పాటు ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసుకోండి. ఇంట్లో సగటున 135/85 లేదా అంతకు మించి ఉంటే డాక్టరుకు చూపించండి, మందు అవసరం కావచ్చు. ఈలోగా ఆవకాయ, ఎండుచేపలు తగ్గించండి.

నాకు ఎక్కువ భయంగా ఉన్నది ఆ నిద్రమాత్ర. ఇలాంటివాటిలో చాలావాటికి అలవాటు పడిపోతాం. రోజూ వేసుకుంటున్నది ఒక్కసారిగా మానితే దడ, వణుకు ఇంకా పెరగొచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా మానసిక వైద్యుడిని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట కూడా తీసుకెళ్లండి.