గల్లాపెట్టె పక్కన కూర్చో

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మీ పిన్ని పూతరేకుల కొట్టు కోసం నువ్వు రాసిన మూడు పోస్టులూ చదివాను. అచ్చుతప్పులు లేవు, వాక్యాలు నున్నగా ఉన్నాయి. అదే నాకు టెన్షన్ పెట్టింది. "నోరూరించే రుచుల లోకంలోకి స్వాగతం" అన్నావు. దాన్ని కాకినాడ కాజాకి అతికించొచ్చు, బందరు లడ్డూకి అతికించొచ్చు, సందు చివర పానీపూరీ బండికీ అతికించొచ్చు. ఆత్రేయపురంలో మీ పిన్ని కొట్టు అందులో ఎక్కడుంది?

ఏఐతో రాయించావా అని అడగను. నీ వయసులో నేనూ అచ్చం ఇలాగే రాసేవాణ్ణి, ఏ ఏఐ సాయమూ లేకుండానే.

పాతికేళ్ల కిందట రాజమండ్రిలో ఒక మిఠాయి కొట్టుకి సంక్రాంతి కరపత్రం రాసిపెట్టాను. "స్వచ్ఛమైన నేతితో" అని పెద్దక్షరాల్లో వేయించాం. కాగితాలు పంచిన మర్నాడు కొట్లో కూర్చుని ఉంటే, ఒక పెద్దావిడ ఆ కాగితం పట్టుకునే వచ్చింది. "ఏ నెయ్యి బాబూ, ఆవుదా గేదెదా?" అని నన్నే అడిగింది. నేను నీళ్లు నమిలాను. యజమాని గల్లా దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "గేదె నెయ్యేనండీ. మా బావమరిది ఊర్నుంచి వెన్న పంపిస్తాడు, పొద్దున్నే ఇక్కడే కాస్తాం. ఉండండి, నెయ్యి కాచిన గిన్నె గోకుడు పెడతాను" అన్నాడు. ఆవిడ రెండు కిలోలు కట్టించుకుని వెళ్లింది. కరపత్రంలో ఉండాల్సిన ముక్క ఆయన నోట్లో ఉంది. నేను అడగలేదు, అంతే.

అందుకని ఓ పని చెయ్యి. రెండ్రోజులు పిన్ని గల్లాపెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చో. ఫోన్ లోపల పెట్టెయ్, నోటుబుక్కు తెచ్చుకో. వచ్చినవాళ్లు ఏం అడిగారో, పిన్ని ఏం చెప్పిందో, వాళ్ల మాటల్లోనే రాసుకో. బెల్లంవి ఉన్నాయా? షుగరున్నవాళ్లు తినొచ్చా? ఎన్నాళ్లు నిలవుంటాయి? అమెరికా వెళ్లే అబ్బాయికి ఇస్తే విరక్కుండా చేరతాయా? ఒక్కో ప్రశ్నా ఒక్కో పోస్టు. జవాబు పిన్ని చెప్పినంతే రాయి, అలంకారాలు వద్దు. షుగరు సంగతి అడిగితే మాత్రం పిన్ని వ్యాపారం కోసం ఏం చెప్పినా నువ్వు "తినొచ్చు" అని రాయకు. బెల్లంలోనూ చక్కెరే ఉంటుంది.

మూడో రోజు రేకులు తీసే చోటికి వెళ్లు. బోర్లించిన కుండ, దాని కింద మంట, పక్కన గిన్నెలో జారుగా బియ్యప్పిండి. రేకులు తీసే ఆవిడ పల్చటి గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ పక్కకి వచ్చేలోపే పూత ఆరిపోయి అంచు లేస్తుంది. "అతి పల్చని" అని రాసే బదులు, రేకు వెనక ఆవిడ వేళ్లు కనబడుతున్న ఫొటో పెట్టు. వీడియో తీస్తే దాని మీద సినిమా పాట వెయ్యకు తల్లీ. పొయ్యి చిటపటలూ, ఆవిడ పక్కావిడతో ఆడుతున్న కబుర్లూ వినబడనీ. ముందు ఆవిణ్ణి అడిగి తియ్యి.

ఒక జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అది ఆ ఊరి పూతరేకులకి వచ్చింది, మీ పిన్ని కొట్టుకి కాదు. "మాకు జీఐ ట్యాగ్ వచ్చింది" అని రాస్తే పక్క కొట్టువాళ్లు నవ్వుతారు. ఆ ముద్ర వాడుకోవాలంటే పిన్ని పేరు విడిగా నమోదు చేయించుకోవాలి.

ఇక చిల్లర సంగతులు. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేగానీ తెరుచుకోదు. అక్కడ "శుభోదయం మిత్రులారా" అని ఖర్చుపెట్టకు. ధర రాయి. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్నది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కొట్లో అడిగితే చెప్పమా? పూతరేకులు అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో పదిమంది పది రకాలుగా కొడతారు. ఆ స్పెల్లింగుల్లో రెండు మూడు పోస్టు చివర పడెయ్, వెతికేవాళ్లకి దొరుకుతుంది. ఫోన్ నంబరు బొమ్మలో మాత్రమే పెట్టి ఊరుకోకు, కింద టైపు కూడా చెయ్యి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో నువ్వు పంపింది, పిన్ని నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి డబ్బా ఇచ్చేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని పిన్నిచేత చెప్పించు. సేవ్ చేసుకున్న పాపానికి వాళ్లకి రోజూ గులాబీల గుడ్ మార్నింగులు పంపకండి. పండగకి పది రోజుల ముందు, ఆర్డర్లు ఏ తారీఖు దాకా తీసుకుంటారో చెబుతూ ఒకటి పంపితే చాలు.

మొన్న ఎవరో "సగం పొడి పొడిగా వచ్చాయి, డబ్బు దండగ" అని కామెంటు పెడితే నువ్వు తీసేశావట. పిన్ని చెప్పింది. తియ్యకుండా ఉండాల్సింది. కొరియర్‌వాళ్ల మీద నెట్టడమూ వద్దు, డబ్బు కట్టింది మీకు కదా. "విరిగినవి ఫొటో పంపండి, రేపటి పార్సిల్లో మళ్లీ వేస్తాం" అని అందరికీ కనబడేలా రాసి, నిజంగానే వెయ్యండి. ఆ మనిషి నంబరు ఇంకా ఉంటే ఇవాళే ఫోన్ చెయ్యి.

వచ్చే ఆదివారం నాకు పోస్టులేమీ పంపకు. నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి పంపు, కొట్టివేతలతో సహా. మీరు పంపిన డబ్బాలో బెల్లంవి అయిపోయాయి, చక్కెరవి మీ ఆంటీ దాచేసింది.

మీ మాస్టారు