నాలెడ్జ్ గ్రాఫ్‌తో ప్రభుత్వ పథకాల్లో మోసాలు దొరుకుతాయా?

ఆన్‌లైన్ ప్రభుత్వ సేవల్లో మోసాలు పట్టుకోవడానికి నాలెడ్జ్ గ్రాఫ్ (మనుషులు, కాగితాలు, వాటి మధ్య సంబంధాలను చుక్కలు, గీతలుగా రాసుకునే పద్ధతి) అవసరమా, మెషిన్ లెర్నింగ్ (పాత ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) సరిపోదా అని మీ ఎంటెక్ ప్రాజెక్టు కోసం అడిగారు. మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో రెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నా. మోసాలు దొరుకుతాయి. అమాయకులు కూడా దొరికిపోతారు, అదే అసలు తలనొప్పి.

మెషిన్ లెర్నింగ్‌కి సాధారణంగా 'ఇది మోసమే' అని తేల్చిన పాత కేసులు బోలెడు కావాలి. మాకైతే అవి ఎప్పుడూ సరిపడా దొరకలేదు. పైగా మోసం అయ్యే అవకాశానికి స్కోరు 0.87 వచ్చిందంటే తహసీల్దారు ఏం చేసుకుంటారు? ఆయనకు కారణం కావాలి. తెలంగాణలో పేదింటి ఆడపిల్లల పెళ్లికి సాయం చేసే కల్యాణలక్ష్మినే తీసుకోండి. 2014లో మొదలైన పథకం, సాయం 1,00,116 రూపాయలు, పెళ్లికూతురికి 18 నిండాలి. దరఖాస్తులను ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ నిక్షేపంగా ఉంటాయి. అదే మనిషి, పెళ్లి, తల్లి, బిడ్డ, జనన నమోదు అని సంబంధాలుగా రాసుకున్నారనుకోండి, ఒక్క నియమం చాలు: ఈ పెళ్లికూతురు, పెళ్లి తేదీకి ముందే ఎవరికైనా తల్లిగా నమోదై ఉందా? ఉంటే పాత పెళ్లికి కొత్త శుభలేఖ కొట్టించారేమో అడగాలి. అడగాలి అంటున్నా, దరఖాస్తు కొట్టేయాలి అనట్లేదు.

ఆ తేడా నాకు తెలిసొచ్చింది ఓ ఫోన్ నంబరు వల్ల. ఒకే నంబరు వందకు పైగా దరఖాస్తుల్లో కనిపించింది. గ్రాఫ్‌లో గీసి చూస్తే మధ్యలో ఒక చుక్క, చుట్టూ సాలెగూడు. దళారీ దొరికాడని మా టీమంతా చాయ్ పార్టీ చేసుకున్నాం. తీరా శాలిబండ వైపు వెళ్లి చూస్తే, అదొక జిరాక్స్ షాపు. ఫోన్ లేని ముసలమ్మలు వస్తే ఓటీపీ కోసం ఆ షాపతను తన నంబరే ఇస్తున్నాడు, దరఖాస్తుకు ఇరవై రూపాయలు తీసుకుని. తప్పు మాది. మా నమూనాలో 'దరఖాస్తుదారు' మాత్రమే ఉన్నారు, 'దరఖాస్తు నింపిపెట్టినవారు' అనే పాత్రే లేదు. ఆ ఒక్కటి చేర్చాక సాలెగూడు చాలావరకు మాయమైంది. మీ గైడ్ అల్గారిథం గురించి అడుగుతారు గానీ, నన్నడిగితే సగం ప్రాజెక్టు ఇక్కడే ఉంది.

మిగతా సగం, ఎవరు ఎవరో తేల్చడం. లక్ష్మి అని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక శాఖలో కే ఎస్ హెచ్ పెడతారు, ఇంకో శాఖలో ఎక్స్ పెడతారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఉత్త పొడి అక్షరం. ఇలాంటి గ్రాఫ్‌లకు అర్థాలు, నియమాలు రాసే భాష ఓడబ్ల్యూఎల్‌లో 'సేమ్ యాజ్' (ఇద్దరూ ఒకరే) అని ఒక్క గీత గీస్తే ఇద్దరి వివరాలూ పూర్తిగా కలిసిపోతాయి. అంబర్‌పేటలో ఒకాయనకున్న కారు, అదే పేరున్న ఇంకొకాయన ఖాతాలో పడుతుంది, ఈయన పింఛను గోవిందా. అందుకే నేను 'బహుశా ఒకరే' అనే వేరే సంబంధం పెట్టి, ఏ ఆధారంతో అన్నామో పక్కనే రాసేవాణ్ని. తెలంగాణలో శాఖల డేటా కలిపి ఇలా మనుషుల్ని పోల్చే 'సమగ్ర వేదిక' ఉంది, దాని మీద వచ్చిన విమర్శలూ ఎక్కువగా ఈ చిక్కు గురించే. కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దైన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మీ రిపోర్టులో ఆ కేసు తప్పక చర్చించండి.

ఇంకోటి, ఓడబ్ల్యూఎల్‌లో సమాచారం లేకపోతే 'తెలియదు' అని అర్థం, 'కాదు' అని కాదు. మరణ నమోదు కనబడనంత మాత్రాన పింఛనుదారు బతికున్నట్టు లెక్క కాదు. ఫలానా కాగితం తప్పక ఉండాలి అనే తనిఖీలకు 2017లో వచ్చిన షాకిల్ (గ్రాఫ్‌లోని డేటా నియమాల ప్రకారం ఉందో లేదో చూసే భాష) వాడుకోండి, హాయిగా ఉంటుంది.

డేటా మాత్రం సొంతంగా తయారుచేసుకోండి, నిజం ఆధార్ నంబర్లు ల్యాప్‌టాప్‌లో పెట్టుకోకండి. ఆ 12 అంకెల్లో చివరిది వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టే తనిఖీ అంకె. దాన్ని కావాలనే తప్పుగా వేస్తే, మీరు పుట్టించిన నంబరు పొరపాటున కూడా ఎవరిదీ కాదు.