దయ్యం మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది

హారర్ సినిమాల మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగితే వరంగల్ నుంచి నిర్మల్ దాకా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కుప్పగా వచ్చాయి. సగం మంది మంచి సినిమాల లిస్టు ఇవ్వమన్నారు. లిస్టులు ఫోన్లో బోలెడు దొరుకుతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి, ఆ సినిమాల్లో నటించినవాళ్ల గురించి అడిగిన ప్రశ్నలే ఎక్కువ తీసుకున్నాను.

ప్రశ్న: 'అరుంధతి' టీవీలో ఎన్నిసార్లు వచ్చినా మా నాన్న ఛానల్ మార్చనియ్యడు. సోనూ సూద్ లాంటి గొంతు ఇంకొకరికి లేదంటడు. అది డబ్బింగ్ నాన్నా అంటే వినడు. పందెం కాసినం. ఎవరు గెలిచినట్టు?
— డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: నువ్వే గెలిచావు చెల్లె. సోనూ సూద్ వేసిన పశుపతి పాత్రకు గొంతు పి. రవిశంకర్‌ది. డబ్బింగ్ కళాకారుడు, నటుడు పి.జె. శర్మ కొడుకు, సాయికుమార్ తమ్ముడు, అంటే గొంతే ఆస్తిగా ఉన్న ఇంటి మనిషి. ఆ ఒక్క సినిమాతో ఆయనకు 'బొమ్మాళి' రవిశంకర్ అని ఇంటిపేరే మారిపోయింది. 'వదల బొమ్మాళీ వదల' అనే మాటను మళ్లీ ఒకసారి కళ్లు మూసుకుని వినండి, మొదటి 'వదల' గొంతులోంచి వస్తుంది, చివరి 'వదల' పొట్టలోంచి వస్తుంది, మధ్యలో ఆ పేరును ఆయన ముద్దు చేస్తున్నాడా నమిలేస్తున్నాడా అర్థం కాదు, భయమంతా అక్కడే ఉంది.

అయితే నాన్న దగ్గర పందెం డబ్బులు తీసుకునే ముందు ఇంకో పని చేయండి. అదే సీన్ సౌండ్ తీసేసి చూడండి. సోనూ సూద్ ఆ పొడవాటి శరీరాన్ని ఎలా వాడాడో అప్పుడు తెలుస్తుంది, మెడ ఒక పక్కకు వంచి కళ్లు మాత్రం కదలకుండా అమ్మాయినే చూడడం గొంతు అరువిచ్చినవాడు చేసింది కాదు కదా. ఉత్తమ విలన్‌గా నంది అవార్డు ఆయనకు ఊరికే రాలేదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలకు బస్సులు పెట్టించి ఇళ్లకు పంపించినప్పుడు, మనం ఇన్నేళ్లు భయపడింది ఈయనకా అని జనం నోరెళ్లబెట్టారు.

ఇట్లా ఒక దయ్యాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మన దగ్గరే కాదు. 1973లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్'లో మంచం మీద కట్టేసి ఉన్న పిల్ల లిండా బ్లెయిర్, ఆస్కార్ నామినేషన్ కూడా ఆమెకే వచ్చింది, కానీ ఆ నోట్లోంచి వచ్చే భూతం గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే పెద్దావిడది. గొంతు గరగరలాడాలని ఆమె పచ్చి గుడ్లు మింగి, సిగరెట్లు తాగి మరీ డబ్బింగ్ చెప్పింది. అంతా చేస్తే సినిమా విడుదలైనప్పుడు టైటిల్స్‌లో పేరే లేదు. అప్పటికే ఆస్కార్ గెలిచిన నటి ఆమె! కొట్లాడితే తర్వాత వేశారు. కాబట్టి పందెం డబ్బులు సగం సగం పంచుకోండి, న్యాయంగా ఉంటుంది.

ప్రశ్న: దయ్యాలున్నాయా లేవా? సూటిగా చెప్పండి.
— పాఠకుడు, నిర్మల్

జవాబు: ఉంటే ఈపాటికి మన నిర్మాతల మీద రాయల్టీ కేసు వేసేవి.

ప్రశ్న: నైట్ షిఫ్ట్ చేసి వచ్చినంక పొద్దున సినిమా చూసుడు నాకు అలవాటు. పాత ఇంగ్లీష్ హారర్ చూద్దామంటే, బ్లాక్ అండ్ వైట్‌ల భయమేముంటది అని దోస్తులు నవ్వుతున్నరు. ఒక్క నటుడితోని మొదలుపెట్టాలంటే ఎవరితోని పెట్టాలె?
— సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: అన్నా, భూమి లోపల చీకట్లో డ్యూటీ చేసి వచ్చేవాడివి నువ్వు, నిన్ను భయపెట్టడం ఎవరి తరం! అయినా అడిగావు కాబట్టి చెప్తాను, బోరిస్ కార్లాఫ్‌తో మొదలుపెట్టు. 1931లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్'.

కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. లండన్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉద్యోగం చేసినవాడు, వంశంలో మన దేశపు రక్తం కూడా ఉంది. చిన్నాచితకా వేషాలు వేస్తూ నలభై దాటాక ఈ పాత్ర దొరికింది. మేకప్ మనిషి జాక్ పియర్స్ రోజూ నాలుగు గంటల పాటు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టేవాడు. రెప్పలు మరీ మామూలుగా ఉన్నాయి, ఇప్పుడే లోకం చూస్తున్నవాడి కళ్లు ఇంత చురుగ్గా ఉండవు అని కార్లాఫే చెప్పి వాటి మీద మైనం పెట్టించుకున్నాడు. నోట్లోని కట్టుడు పళ్లు తీసేస్తే ఒకవైపు చెంప లోపలికి పీక్కుపోయింది, అదీ ఆయన ఆలోచనే. అంత బరువు మొహం మీద, కాళ్లకు బండబూట్లు, ఒక్క డైలాగు లేదు. అలాంటివాడు పైకప్పు తెరిచినప్పుడు మొదటిసారి మీద పడిన వెలుగును చేతులు చాచి పట్టుకోవాలని చూస్తాడు. ఆ సీన్ చూసి మీ దోస్తులు నవ్వితే నాకు రాయి. చీకట్లోంచి పైకి వచ్చి వెలుతురు చూడడం అంటే ఏంటో మా కంటే మీకే బాగా తెలుసు.

ఇంత చేసినా సినిమా మొదట్లో వచ్చే పేర్లలో ఆ భూతం ఎదురుగా ఆయన పేరు వేయలేదు, ఒక ప్రశ్నార్థకం మాత్రం పెట్టారు. జనంలో ఉత్కంఠ పెంచడానికట. నీకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. హాలీవుడ్‌లో పని గంటలకు లెక్కాపత్రం లేని ఆ రోజుల్లో, 1933లో నటుల యూనియన్ మొదలుపెట్టినవాళ్లలో కార్లాఫ్ ఒకడు. రోజుకు నాలుగు గంటలు మేకప్ కుర్చీలో కూర్చున్నవాడికి ఓవర్‌టైమ్ విలువ తెలియకుండా ఎట్లా ఉంటుంది?

ఆ తర్వాత ఓపిక ఉంటే వెనక్కి పోయి 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు'లో మాక్స్ ష్రెక్‌ను చూడు. డ్రాకులా నవలను అనుమతి లేకుండా తీశారని కోర్టు కాపీలన్నీ నాశనం చేయమంది, ఎక్కడో మిగిలినవి మనకు దక్కాయి. 1931 'డ్రాకులా'లో బేలా లుగోసి ఉన్నాడు, ఆయన్ను ఆ నల్ల అంగీతోనే పూడ్చిపెట్టారు. క్రిస్టఫర్ లీ 1966లో ఒక డ్రాకులా సినిమా మొత్తం ఒక్క మాట మాట్లాడకుండా లాగేశాడు. వీళ్లను వరుసగా చూడక్కర్లేదు, నిద్ర పట్టని పొద్దున ఏది దొరికితే అది చూడు.

ప్రశ్న: సౌందర్య మా కరీంనగర్‌కు ఎన్నికల ప్రచారానికి వస్తూ విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆమె చివరగా చేసింది దయ్యం సినిమా అని, అందులోని నాగవల్లి శాపం తగిలిందని మా మనవడు ఏదో వీడియో చూసి చెబుతున్నాడు. ఇందులో నిజమెంత?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: సార్, శాపం సంగతి పక్కన పెడితే మిగతావి నిజమే. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌కు బయల్దేరిన చిన్న విమానం ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. అన్నయ్య అమర్‌నాథ్ కూడా ఆమెతోనే పోయారు. ఆమె నటించిన కన్నడ 'ఆప్తమిత్ర' కొన్ని నెలల తర్వాత విడుదలై పెద్ద హిట్టయింది, ఫిల్మ్‌ఫేర్ అవార్డు ఆమె లేనప్పుడు వచ్చింది. అందులో హీరో విష్ణువర్ధన్. ఆ సినిమాకు కొనసాగింపుగా తీసిన 'ఆప్తరక్షక' విడుదల కాకముందే, 2009 డిసెంబరులో ఆయన గుండెపోటుతో పోయారు. ఈ రెండూ కలిపి ఎవరో శాపం కథ అల్లేశారు. అదే కథను మలయాళంలో మొదట చేసిన శోభన నిక్షేపంగా ఉన్నారు, ఇంకా నాట్యం చేస్తున్నారు. తమిళంలో చేసిన జ్యోతికకూ ఏం కాలేదు. మనవడికి ఈ మాట చెప్పండి.

నటన సంగతికొస్తే ఆ పాత్ర దొరకడమే అదృష్టం. 1993లో 'మణిచిత్రతాళు'కు శోభన జాతీయ అవార్డు తీసుకున్నారు, ఆమె భరతనాట్యం నేర్చిన మనిషి కాబట్టి కంటితోనే కథ చెప్పగలరు. గొంతు మాత్రం అక్కడా అరువుదే, భార్య గంగగా మాట్లాడేటప్పుడు భాగ్యలక్ష్మి, ఆమెలో లేచే నర్తకి నాగవల్లి తమిళ మాటలకు దుర్గ డబ్బింగ్ చెప్పారు. మనవాళ్లకు ఎక్కువ తెలిసింది 2005లో వచ్చిన 'చంద్రముఖి'. భర్త బయటికి వెళ్లొద్దన్నప్పుడు, అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న భార్య ఒక్కసారి గొంతు మార్చి మంచం పైకి లేపే సీన్ ఉంది చూశారా, దానికి ముందు జ్యోతిక రెప్పవేయకుండా నిలబడే ఒక్క క్షణమే నాకు మంచం లేవడం కంటే ఎక్కువ భయం. రజనీకాంత్ 'లకలకలక'కు పిల్లలు నవ్వుకున్నారు కానీ రాత్రిపూట బాత్‌రూమ్‌కు ఒంటరిగా వెళ్లకుండా చేసింది జ్యోతికే.

ముగ్గురిలో ఎవరు గొప్ప అని మీరు అడగలేదు, అయినా చెబుతాను, శోభన. సౌందర్యది మాత్రం చూడడానికే కష్టంగా ఉంటుంది, అది ఆమె నటన వల్ల కాదు.

ప్రశ్న: మా ఆయన ఆరేళ్ల బాబును పక్కన కూర్చోబెట్టుకుని దయ్యం సినిమాలు చూస్తాడు. 'మగపిల్లాడు, ధైర్యం రావాలె' అంటాడు. బాబు రాత్రి పక్క తడుపుతున్నడు.
— గృహిణి, పరకాల

జవాబు: ఆపేయండి అక్కా, ఇందులో చర్చ లేదు. ఇప్పుడు సెన్సార్ వాళ్లు, పిల్లలకు చూపించాలా వద్దా అని పెద్దలు ఆలోచించుకోవాల్సిన యూఏ సినిమాల్లోనే 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తున్నారు, పోస్టర్ మీద ఉంటుంది, మీ ఆయనకు చూపించండి. బాబు ఇప్పటికే చూసినవాటికి భయపడుతుంటే యూట్యూబ్‌లో దయ్యం మేకప్ వేసే వీడియోలు పగటిపూట చూపించండి. రంగు పూయించుకుంటూ చాయ్ తాగే దయ్యాన్ని చూస్తే భయం కొంచెం దిగుతుంది. పక్క తడపడం తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, తిట్టకండి.

ప్రశ్న: చేతబడి సినిమాలు వరసగా హిట్టయినప్పటి నుంచి మా ఊర్ల ఒక ముసలామెను అందరూ అనుమానంగ చూస్తున్నరు. ఎవరికి జ్వరమొచ్చినా ఆమె పేరే. సినిమాలను బ్యాన్ చేయాలని మీరెందుకు రాయరు?
— పాఠకురాలు, నర్సంపేట దగ్గర పల్లె

జవాబు: బ్యాన్ సంగతి తర్వాత, ముందు ఆ ముసలామెను కాపాడుకోవాలి అమ్మా. మంత్రాల నెపంతో మన జిల్లాల్లో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు సినిమా కథలు కావు, పేపర్లో మనమే చదివాం. సర్పంచ్‌తో, ఆశా వర్కర్‌తో మాట్లాడండి, గుంపుగా ఆమె ఇంటి మీదికి వెళ్లే మాట వినబడితే వెంటనే 112కు ఫోన్ చేయండి.

సినిమాల తప్పు లేదనను. మంత్రగత్తె అనగానే ఒంటరి ముసలామెనో, భర్త పోయిన ఆడమనిషినో చూపించడం మనవాళ్లకు అలవాటైంది, ఆ మొహం ఊళ్లో ఎవరికో ఒకరికి అతుక్కుంటుంది. మగ మాంత్రికులకు ఆ బాధ లేదు చూడండి. 'అమ్మోరు'లో గోరఖ్‌గా రామిరెడ్డిని చూసి 1995లో థియేటర్లు వణికిపోయాయి, ఆయన సినిమాల్లోకి రాకముందు జర్నలిస్టు, మాలాగా వార్తలు రాసుకున్న మనిషి. ఆయన్ను రోడ్డు మీద చూస్తే జనం ఫొటో అడిగేవాళ్లే కానీ చెట్టుకు కట్టేయలేదు. ఇంకో మాట, 2023 'విరూపాక్ష' కథ మొదలయ్యేదే ఊరివాళ్లు చేతబడి అనుమానంతో దంపతులను చంపడంతో. ఊరు ఆ తర్వాత ఏమైందో మీ ఊళ్లో ఆ సినిమా చూసినవాళ్లను ఒకసారి గుర్తు చేసుకోమనండి.

ప్రశ్న: నాటకాలు వేస్త, షార్ట్ ఫిల్మ్‌లు చేసిన. ఇప్పుడు ఒక హారర్ సినిమాల దయ్యం వేషం ఇస్తమంటున్నరు. సినిమా మొత్తం మాస్కే, నా మొహం ఎక్కడా కనబడదు. ఒప్పుకుంటే కెరీర్ ఖతమా?
— యువకుడు, జనగామ

జవాబు: ఖతం కాదు తమ్మీ, ఒప్పుకో. 'తుంబాడ్'లో ఆ భయంకరమైన నానమ్మ ఎవరనుకుంటున్నావు? మహమ్మద్ సమద్ అనే పిల్లాడు, అదే సినిమాలో హీరో కొడుకుగా సొంత మొహంతోనూ చేశాడు, రెండూ ఒకరే అని తెలిసి మళ్లీ చూసినవాళ్లు ఎంతమందో. హిందీలో హారర్ సినిమాలు తీసిన రామ్సే సోదరుల 'పురానా మందిర్'లో సామ్రీ అనే రాక్షసుడిగా దేశమంతా భయపెట్టిన అనిరుద్ధ్ అగర్వాల్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివాడు, పదేళ్ల తర్వాత 'బాండిట్ క్వీన్'లో మేకప్ లేకుండానే అంతకంటే భయపెట్టాడు.

మాస్కు వేసుకున్నాక మొహంతో చేసేదేమీ ఉండదు కాబట్టి నడక, భుజాలు, ఊపిరి నీ చేతిలో ఉండాలి. దీనికి పట్నం పోయి కోర్సు కట్టక్కర్లేదు. మీ జనగామ వైపు ఒగ్గు కథ చెప్పేవాళ్లను వెతుక్కుని రెండు రాత్రులు కూర్చో. ఒకే మనిషి డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య రాజు నుంచి అమ్మవారికి మారిపోతాడు, దుస్తులు మారవు, వెన్నెముక మారుతుంది. చూసి నేర్చుకో, అడిగితే చెప్పేవాళ్లే.

సంతకం పెట్టే ముందు మాత్రం రెండు సంగతులు తేల్చుకో. డబ్బింగ్ నువ్వే చెప్తానని అడుగు, అరుపులూ మూలుగులూ అయినా సరే. రెండోది, టైటిల్స్‌లో నీ పేరు ఎక్కడ పడుతుందో కాగితం మీద రాయించుకో, నోటిమాట నమ్మకు. మాస్కులో ఎన్ని గంటలు ఉంచుతారో, మధ్యలో నీళ్లు తాగడానికి గ్యాప్ ఉందో లేదో కూడా అడిగితే ఎవరూ ఏమనుకోరు, అనుకుంటే ఆ సినిమా వద్దు.