సమాధానం: చైనా లైటర్లు తెప్పించొచ్చా?

అన్నా, తిరుపతి బస్టాండ్ దగ్గర నీ షాపుకి చైనా నుంచి 12 రూపాయల లైటర్లు, బొమ్మకారు లైటర్లు తెప్పించొచ్చా అని అడిగావు కదా, వద్దు, ఆర్డర్ ఆపేయ్. 2023 జూన్ నుంచి 20 రూపాయల లోపు సిగరెట్ లైటర్ల దిగుమతి నిషేధం, ఆ 20లో రవాణా, ఇన్సూరెన్స్ కూడా కలిపే లెక్కేస్తారు.

బొమ్మకారువి ఇక్కడ దొరికినా కొనొద్దన్నా, పిల్లలు ఆడుకునేదే అనుకుని నొక్కేస్తారు, అందుకే యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2007 నుంచే వాటిని కొత్తగా మార్కెట్లోకి తేవడం బంద్. అమెరికాలో 1994 నుంచే వాడి పారేసే లైటర్లు, బొమ్మ లైటర్లు ఐదేళ్ల లోపు పిల్లలకు సులువుగా వెలగనివే తయారు చేయాలి, దిగుమతి చేయాలి.

హోల్‌సేల్‌లో ఐఎస్ఐ గుర్తు చూడు, చక్రం మీద ఇనుప పట్టీ ఉన్నవే తీసుకో, గట్టిగా నొక్కి తిప్పితేగానీ వెలగవు, పసివేళ్లకు సాధారణంగా ఆ బలం చాలదు. కౌంటర్‌లో చాక్లెట్ల పక్కన మాత్రం పెట్టకు.