టెక్ సందేహాలు: డిష్‌వాషర్‌లో ఉప్పు ఎప్పుడు, పౌడర్ ఎంత?

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు: మా అబ్బాయి గ్లాస్గోలో ఉంటాడు. పండక్కి వచ్చి మాకు డిష్‌వాషర్ కొనిచ్చి వెళ్లాడు. అక్కడ వాళ్ల మిషన్‌లో ఎప్పుడూ ఉప్పు పోయలేదట, అక్కర్లేదంటాడు. షాపతను మాత్రం ఉప్పు తప్పనిసరి అంటున్నాడు. మా బోరువి అసలే ఉప్పు నీళ్లు. వాటిలో మళ్లీ ఉప్పెందుకు? గిన్నెలు ఉప్పగా అయిపోవా?

మీ అబ్బాయి చెప్పింది వాళ్ల ఊరికి నిజమేనమ్మా. గ్లాస్గోకి 1859 నుంచి లాక్ కాట్రిన్ అనే కొండ సరస్సు నీళ్లు వస్తున్నాయి. అవి వాన నీళ్లంత మెత్తన, సున్నం దాదాపు ఉండదు. మన బోరు నీళ్లు అలా కాదు. భూమి లోపల రాళ్ల సందుల్లో నిలిచి, కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని పైకొస్తాయి. వాటిని మనం ఉప్పు నీళ్లు అంటాం. కానీ సబ్బు నురగ రానివ్వనిదీ, బ్యాళ్లు ఉడకనివ్వనిదీ వంట ఉప్పు కాదు, ఈ రెండూనే. మీకు వచ్చిన తికమక ఆ పేరు వల్లే.

మిషన్ లోపల ఉప్పు పోసే గది పక్కన రెసిన్ అనే సన్నటి పూసలు ఉంటాయి. నీళ్లు వాటి మీదుగా పోతుంటే కాల్షియం, మెగ్నీషియం పూసలకు పట్టుకుంటాయి, బదులుగా పూసల్లోని సోడియం నీళ్లలోకి వస్తుంది. కొన్ని వాష్‌లకు పూసలు నిండిపోతాయి. అప్పుడు మిషన్ చిక్కటి ఉప్పు నీళ్లతో వాటిని కడిగి, ఆ నీళ్లను డ్రైన్‌లోకి వదిలేస్తుంది. ఉప్పుకి ఉన్న పని అదొక్కటే. అది గిన్నెల మీదికి రాదు కాబట్టి గిన్నెలు ఉప్పగా అవ్వవు.

వంటింటి అయొడైజ్డ్ ఉప్పు పోయకండి. దానిలో గడ్డ కట్టకుండా కలిపే పదార్థాలుంటాయి, గింజ కూడా మరీ సన్నం. కల్లుప్పులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి. డిష్‌వాషర్ ఉప్పు అని విడిగా అమ్మేదే కొనండి. మొదటిసారి మాత్రమే ఆ గదిని నీళ్లతో నింపి, తర్వాత ఉప్పు పోయాలి. మూత గట్టిగా బిగించి వెంటనే ఒక వాష్ నడపండి. ఒలికిన ఉప్పు స్టీలు మీద అలాగే ఉండిపోతే తుప్పు పడుతుంది.

నీళ్లలో ఈ కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెప్పేదే కఠినత్వం. అవి ఎక్కువుంటే గట్టి నీళ్లు, తక్కువుంటే మెత్తటి నీళ్లు. ఎంత ఉప్పు వాడుకోవాలో మిషన్‌కి చెప్పేది కఠినత్వం సెట్టింగ్. బోరు నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని రాసిస్తారు. చాలా మాన్యువళ్లలో అదే కఠినత్వం జర్మన్ డిగ్రీలు అనే కొలతలో ఉంటుంది. ల్యాబ్ అంకెను 18తో భాగిస్తే సరిపోతుంది. ల్యాబ్ 360 అంటే మిషన్‌కి 20. మాన్యువల్‌లోని పట్టికలో 20 ఏ సెట్టింగ్ కిందికి వస్తే అది పెట్టండి.

కడప నుంచి ఒక పాఠకుడు: మా అపార్ట్‌మెంట్‌కి సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది. ఆరు నెలలుగా డిష్‌వాషర్‌లో ఉప్పు పోస్తున్నాం, వాష్‌కొక డిటర్జెంట్ ట్యాబ్లెట్ వేస్తున్నాం. అయినా గాజు గ్లాసులన్నీ మసకబారాయి. టీడీఎస్ మీటర్ పెడితే 700 చూపిస్తోంది. ప్లాంట్ పనిచేయట్లేదా? ఉప్పు పెంచాలా?

ఉప్పు పెంచకండి. ముందు ఒక గ్లాసు మీద కొంచెం వెనిగర్ గానీ నిమ్మరసం గానీ రుద్ది, రెండు నిమిషాలాగి కడిగి ఆరబెట్టండి. మసక పోతే అది సున్నపు పొర, అంటే మిషన్‌లోకి గట్టి నీళ్లే వస్తున్నాయి. పోకపోతే గాజే అరిగిపోయింది. (ఈ పరీక్ష సింక్‌లో చేయండి. మన కడప బండ కూడా సున్నపు రాయే. గ్లాసు మీది పొరను కరిగించే నిమ్మరసం బండ మీది పాలిష్‌నీ తినేస్తుంది.)

మీ ఇంట్లో రెండోదే జరిగి ఉంటుందని నా అనుమానం. గట్టి నీళ్లలో డిటర్జెంట్ శక్తి కొంత కాల్షియంతో పోరాడటానికే ఖర్చవుతుంది. మెత్తటి నీళ్లలో ఆ పని లేదు. ఎక్కువగా వేసిన డిటర్జెంట్‌లోని క్షారమంతా, పైగా వేడి నీళ్లలో, గాజు మీద పడుతుంది. మొదట్లో గ్లాసుని వెలుతురుకి పెట్టి చూస్తే నీలం, ఊదా రంగు మెరుపు కనిపిస్తుంది. తర్వాత మసక వస్తుంది. అది ఇక పోదు. మా అమ్మ పెళ్లినాటి గ్లాసులు నాలుగు మా ఇంట్లో ఇలాగే పోయాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టీడీఎస్ మీటర్ చూసి టెన్షన్ పడకండి. అది నీళ్లలో కరిగినవన్నీ కలిపి అంచనా వేస్తుంది, కఠినత్వాన్ని విడిగా చెప్పలేదు. సాఫ్ట్‌నర్ కాల్షియంని తీసి దాని చోట సోడియం పెడుతుంది కాబట్టి, ప్లాంట్ చక్కగా పనిచేస్తున్నా ఆ అంకె పెద్దగా తగ్గదు. మీకు కావాల్సింది కఠినత్వం చూసే స్ట్రిప్ లేదా చుక్కల కిట్. వంటింటి కుళాయి దగ్గరే చూడండి. లీటరుకి 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మెత్తటి నీళ్లు. తాగునీటికి మన దేశ ప్రమాణం 200 వరకూ మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకూ ఒప్పుకుంటుంది. కాబట్టి తాగడానికి బాగున్న నీళ్లు డిష్‌వాషర్‌కి గట్టివే కావచ్చు.

60 లోపు వస్తే మిషన్‌లో కఠినత్వాన్ని అన్నిటికన్నా కిందికి దించేయండి. ఆ సెట్టింగ్‌లో చాలా మిషన్లకు ఉప్పు అక్కర్లేదు, మీ మోడల్ సంగతి మాన్యువల్‌లో ఉంటుంది. గదిలో ఇప్పటికే ఉన్న ఉప్పుతో నష్టం లేదు, ఉండనివ్వండి.

ట్యాబ్లెట్ మాత్రం మానేయమంటాను. అందులో ఉప్పు పని చేసే పదార్థం కూడా ఉందని ప్యాకెట్ మీద రాసుంటే మీ నీళ్లకు అది బొత్తిగా అనవసరం. ట్యాబ్లెట్‌లో కొలత తగ్గించే వీలు లేదు, పౌడర్‌తో ఉంది. ప్యాకెట్ మీద మెత్తటి నీళ్లకు రాసిన కొలతతో మొదలుపెట్టి, గిన్నెలు శుభ్రంగా వస్తుంటే ఇంకాస్త తగ్గించి చూడండి. సంగటి గిన్నె వదలట్లేదని అన్నిటికీ కలిపి పౌడర్ పెంచకండి. దాన్ని ఒక్కదాన్నీ ముందే నీళ్లు పోసి నానబెట్టండి. గ్లాసులకు వేరే ప్రోగ్రామ్ ఉంటే, 40 నుంచి 50 డిగ్రీల వేడిలో నడిచేది, అదే వాడండి.

రిన్స్ ఎయిడ్, అంటే చివరి కడుగులో మిషన్ కలుపుకునే ద్రవం, మానకండి. మెత్తటి నీళ్లకైనా చుక్కలు నిలవకుండా జారిపోవాలంటే అది కావాలి. కాకపోతే దాని సెట్టింగ్ తగ్గించుకోవచ్చు.

ఇంకొకటి. ప్లాంట్‌లో ఉప్పు నింపడం వాచ్‌మన్ మర్చిపోయినా, అసోసియేషన్ వాయిదా వేసినా మీ కుళాయిలో మళ్లీ బోరు నీళ్లే. నెలకోసారి స్ట్రిప్ ముంచి చూసుకోండి.

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు: మాకు కార్పొరేషన్ నీళ్లు వస్తాయి. ఎండాకాలంలో చాలక బోరు నీళ్లు, ట్యాంకర్ కూడా. సెట్టింగ్ దేనికి పెట్టాలి?

సుంకేసుల నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లకీ, భూమిలోంచి తోడే నీళ్లకీ చాలా తేడా ఉంటుంది. బెలూం గుహలను తొలిచింది భూగర్భంలో పారిన నీళ్లే. సున్నపు రాయి నీళ్లలో అంతగా కరుగుతుంది. ఒకసారి కార్పొరేషన్ నీళ్లు, ఒకసారి బోరు నీళ్లు పరీక్షించి, రెండు అంకెలూ కాగితం మీద రాసి మిషన్ తలుపు లోపలి అంచుకి కాకుండా పక్క అల్మారాకి అంటించండి. నీళ్లు మారిన వారం సెట్టింగ్ మార్చండి, పౌడర్ కొలత కూడా. ట్యాంకులో రెండూ కలిసిపోతుంటే పెద్ద అంకెకే పెట్టుకోండి. కొంచెం ఉప్పు వృథా అవుతుందేమో కానీ మిషన్ పాడవదు.

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు: మిషన్ లోపల తెల్లగా పేరుకుంది. నిమ్మ ఉప్పు మంచిదన్నారు. ఉప్పు గదిలో వేయొచ్చా?

వద్దు. ఉప్పు అని పేరున్నా అది సిట్రిక్ ఆసిడ్. ఉప్పు గదిలోకి డిష్‌వాషర్ ఉప్పు తప్ప ఏదీ పోకూడదు, డిటర్జెంట్ పొరపాటున పడినా రెసిన్ పాడైపోతుంది. నిమ్మ ఉప్పుని గిన్నెలు లేని ఖాళీ మిషన్‌లో, టబ్ అడుగున వేసి, పౌడర్ లేకుండా ఒక వేడి వాష్ నడపండి. ఇప్పటికే ఉప్పు గదిలో వేసి ఉంటే స్విచ్ వేయకుండా సర్వీస్ వాళ్లను పిలిపించండి.