ఆరో వారం స్కాన్‌లో బేబీ కనిపించలేదు, ఆగి రమ్మన్నారు. ఈలోపు ఎలా ఉండాలి?

మీరు రాసినదాన్ని బట్టి: చివరి పీరియడ్ లెక్కన ఆరు వారాల నాలుగు రోజులు. టీవీఎస్ (యోని ద్వారా చేసే) స్కాన్‌లో సాక్ (గర్భం పెరిగే తిత్తి), యోక్ శాక్ (దాని లోపల, పిండానికి మొదట్లో పోషణనిచ్చే చిన్న తిత్తి) కనిపించాయి, బేబీ కనిపించలేదు. పన్నెండు రోజులాగి రమ్మన్నారు. మీ అత్తగారేమో రేపే ఇంకో సెంటర్‌కి వెళ్దామంటున్నారు. మీకు నిద్ర పట్టడం లేదు.

నాకు ఇలాంటి రిపోర్టే రెండు కడుపులకీ వచ్చిందండి. మొదటిది నిలవలేదు. రెండోది ఇప్పుడు యూకేజీ చదువుతోంది, పొద్దున్నే షూ వేసుకోనని నా ప్రాణం తీస్తుంది. రెండు రిపోర్టుల్లోనూ చివర ఒకే మాట ఉంది: చాలా తొలిదశ గర్భం, మళ్ళీ స్కాన్ చేసి చూడాలి. అందుకే చెబుతున్నా, "మాకూ ఇలాగే ఉండి హార్ట్ బీట్ వచ్చేసింది" అనేవాళ్ళనీ, "అయ్యో, ఇది బ్లైటెడ్ ఓవమే, సాక్ ఉన్నా లోపల బేబీ ఏర్పడలేదు" అనేవాళ్ళనీ ఇద్దరినీ ఇప్పుడు నమ్మకండి. మీ చేతిలో ఉన్న కాగితంలో ఇంకా జవాబు లేదు.

ఎందుకు లేదో తెలిస్తే మనసు కొంచెం కుదుటపడుతుంది, నాకైతే పడింది. ఆరు వారాల నాలుగు రోజులనేది కడుపు అసలు వయసు కాదు, లెక్క మాత్రమే. పీరియడ్ వచ్చిన మొదటి రోజు నుంచి, 28 రోజుల సైకిల్ అనుకుని వేసే లెక్క. నాకు పీరియడ్ ముప్ఫై అయిదు రోజులకో, ఇంకా ఆలస్యంగానో వచ్చేది. అలాంటప్పుడు అండం విడుదలయ్యేదే వారం లేటు, కాబట్టి కాగితం మీద ఆరున్నర వారాలుంటే లోపల అయిదున్నరే ఉండొచ్చు. మామూలుగా అయిదో వారంలో సాక్, అయిదున్నరకి యోక్ శాక్, ఆరు దగ్గర పిండం, గుండె కదలిక కనిపిస్తాయి. అంటే మీ స్కాన్‌లో కనిపించింది అయిదున్నర వారాల బొమ్మ. మీ పీరియడ్స్ ముందూ వెనకా అవుతుంటే ఇందులో కంగారు పడాల్సింది అంతగా లేదు. కానీ గడియారంలా నెలనెలా అదే తారీఖుకి వస్తుంటే, లేదా ఐయూఐ, ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల వల్ల తేదీ కచ్చితంగా తెలిసి ఉంటే, ఆశ కొంచెం తగ్గుతుంది. ఇది మీ దగ్గర దాచడం నాకిష్టం లేదు.

పన్నెండు రోజులన్నది కూడా డాక్టరు నోటికొచ్చి చెప్పిన అంకె కాదు. 2013లో అమెరికా రేడియాలజీ నిపుణులు ఈ లెక్కలు సవరించారు. అంతకుముందు పిండం 5 మిల్లీమీటర్లుండి గుండె కదలకపోతే నిలవదని తేల్చేసేవారు. బతికున్న కడుపు ఒక్కటి కూడా పొరపాటున పోకూడదని దాన్ని 7కి పెంచారు. పిండం లేని ఖాళీ సాక్ అయితే 25 మిల్లీమీటర్లకి చేరాకే అలా తేల్చాలన్నారు. యోక్ శాక్ కనిపించిన స్కాన్ తర్వాత కనీసం పదకొండు రోజులు గడిచినా గుండె కదిలే పిండం కనబడకపోతేనే ఇక లేదని చెప్పాలి. మీ డాక్టరు పన్నెండు అన్నారంటే పద్ధతి తెలిసినావిడే. ఇవేవీ దాటకుండానే ఎవరైనా "వెంటనే టాబ్లెట్లు వేసుకుని తీయించేసుకో" అంటే, అప్పుడు తప్పకుండా ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రేపు ఇంకో సెంటర్‌కి మాత్రం వద్దండి. ఈ దశలో రోజుకి పెరిగేది ఒక మిల్లీమీటరు. మనిషి మారినా, మెషీన్ మారినా కొలతలో అంత తేడా మామూలే. రేపు ఒకటి తక్కువ చూపిస్తే ఏడుస్తారు, రెండు ఎక్కువ చూపిస్తే గుడికెళ్తారు, రెండింటికీ అర్థం లేదు. రోజు విడిచి రోజు బీటా హెచ్‌సీజీ (రక్తంలో గర్భం హార్మోన్ చూసే పరీక్ష) చేయించడమూ అంతే. గర్భసంచిలో సాక్, యోక్ శాక్ కనబడ్డాక ఆ అంకె కొత్తగా చెప్పేది పెద్దగా ఉండదు. డాక్టరు రాస్తే సరే, మీ అంతట మీరు ల్యాబ్ చుట్టూ తిరగకండి.

మా అత్తయ్యది భీమవరం. రోజూ పొద్దున ఫోన్ చేసి "ఏమందమ్మా డాక్టరు?" అనేవారు, రాత్రికి రాత్రి డాక్టరు ఏదో అన్నట్టు. రెండోసారి ముందే చెప్పేశాను: "అత్తయ్యా, ఆ తారీఖు దాకా డాక్టరుకే తెలీదు. ఆ రోజు మీరూ రండి, కలిసి వెళ్దాం." చేతికి ఒక తేదీ దొరికేసరికి ఆవిడ నెమ్మదించారు. మీ అత్తగారు కూడా కంగారుకొద్దీ అంటున్నారేమో, ఇలా చెప్పి చూడండి.

ఇక ఈ రోజులు గడపడం. నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేసేదాన్ని. సాయంత్రానికి లెక్క రూపాయితో సహా సరిపోవాలి కాబట్టి పగలంతా బుర్ర నోట్ల మీదే ఉండేది. సెలవు పెట్టమని అందరూ అన్నారు, నేను పెట్టలేదు. మంచం మీద పడుకుంటే కడుపు నిలుస్తుందనడానికి ఆధారం లేదు, ఆలోచనలు మాత్రం రెట్టింపవుతాయి. డాక్టరు ప్రత్యేకంగా రెస్టు చెబితే అది వేరు. రాత్రిళ్ళే కష్టం. ఫైల్ తీసి ఆ నల్లటి బొమ్మని ఫోన్ టార్చి వేసి మరీ చూసేదాన్ని, అందులో చుక్కలు వెతికేదాన్ని. మావారు ఒకరోజు ఏమీ అనకుండా ఫైల్ తన ఆఫీసు బ్యాగులో పెట్టేసుకున్నారు. ఆయన చేసిన మేలంతా అదే, కానీ అంతకన్నా పెద్ద మేలు ఇంకెవరూ చేయలేదు.

వేవిళ్ళని బట్టి కూడా లెక్కలు కట్టకండి. నిలవని కడుపుకే నాకు వాంతులు ఎక్కువ, పోపు వాసన వస్తే వంటింట్లో నిలబడలేకపోయేదాన్ని. పాప కడుపులో ఉన్నప్పుడు చేపల పులుసు కూడా హాయిగా తిన్నాను.

ప్రొజెస్టరాన్ మాత్రలు రాసి ఉంటే సొంతంగా ఆపకండి, కానీ అవి హార్ట్ బీట్ తెప్పించే మందులు కావు. ఒక పూట మర్చిపోతే అంతా అయిపోయిందని కుమిలిపోవద్దు. ఫోలిక్ యాసిడ్ మామూలుగా వేసుకుంటూ ఉండండి. బొప్పాయి ముక్క తిన్నాననీ, స్కూటీ మీద వెళ్ళాననీ వెనక్కి తవ్వుకోవడం కూడా దండగే. తొలి నెలల్లో పోయే కడుపుల్లో దాదాపు సగం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. అది మీరు నడిచిన మెట్ల వల్లా రాదు, మోసిన బిందె వల్లా రాదు.

ఎవరికి చెప్పాలో కూడా ఇప్పుడే అనుకోండి. "మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దు" అనే మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. మొదటిసారి ఎవరికీ చెప్పలేదు కాబట్టి, పోయినప్పుడు ఏడవడానికి కూడా ఎవరూ లేకపోయారు. రెండోసారి మా అక్కకి చెప్పాను. తను సలహాలివ్వదు, ఎంతసేపైనా వింటుంది. అలాంటి మనిషి ఒక్కరు చాలు.

ఈలోపు కొంచెం స్పాటింగ్ కనబడితే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. వరసగా గంటకి రెండు ప్యాడ్లు తడిసేంత బ్లీడింగ్, ఓర్చుకోలేని నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, జ్వరం, వీటిలో ఏదున్నా తేదీ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపయితే బ్లీడింగ్ అయిందని చెప్పేటప్పుడే ఆ మాట కూడా చెప్పండి, యాంటీ డి ఇంజెక్షన్ అవసరమో కాదో వాళ్ళు చూస్తారు.

స్కాన్ రోజున ఒంటరిగా వెళ్ళకండి, ఆ పూటకి వేరే పని పెట్టుకోకండి. వీలైతే అదే సెంటర్, అదే డాక్టరు దగ్గరే చేయించుకోండి, పాత రిపోర్టు తీసుకెళ్ళండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే పెరిగిందో లేదో తెలుస్తుంది. ఆధార్ మర్చిపోకండి, ఫారం ఎఫ్ (గర్భిణికి స్కాన్ చేసేటప్పుడు చట్టప్రకారం నింపించే కాగితం) మళ్ళీ నింపిస్తారు. టీవీఎస్ అయితే నీళ్ళు తాగి బ్లాడర్ నింపుకోనక్కర్లేదు. నేను సీసాడు నీళ్ళు తాగి గంట బిగబట్టుకుని కూర్చుంటే, లోపలికి వెళ్ళాక "బాత్రూమ్‌కి వెళ్ళి రామ్మా" అన్నారు.